పదకొండో ఫోటో

అక్టోబర్ 3, మంగళవారం

ఒళ్ళు మండిపోతోంది. పొద్దున పొయ్యి తుడిచి ఫోటో పెట్టలేదని ఇంటి వాట్సాప్ గ్రూపులో నా పేరు పెట్టి మరీ అడిగారు మా ఓనర్ మూర్తి అంకుల్. "స్రవంతమ్మా, స్టవ్ ఫోటో రాలేదు."

తుడిచాను. నిజంగానే తుడిచాను. కానీ ఈ ఇంట్లో తుడిస్తే చాలదు, తుడిచినట్టు ఫోటో ఉండాలి. చెత్త డబ్బా బయట పెడితే ఫోటో. ముందు ఆకులు ఊడిస్తే ఫోటో. హీటర్ పందొమ్మిది డిగ్రీలు దాటలేదని ఫోటో. ఇక్కడ బేస్‌మెంట్‌లో ముగ్గురం ఆడపిల్లలం, రెండు వీధుల అవతల ఆయనదే ఇంకో ఇంట్లో ఎనిమిది మంది అబ్బాయిలు. పదకొండు మందిమీ రోజూ ఫోటోలు పెడుతూనే ఉంటాం. ఒక్కో ఫోటో కిందా ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెడతారు. అది వచ్చేదాకా మనసు మనసులో ఉండదు.

రెండు నెలల్లో ఎలా తయారయ్యాను ఛీ.

అక్టోబర్ 5

చెడ్డవాడని రాయడానికి చెయ్యి రాదు. ఆగస్టులో నేను కెనడాలో దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయనే. రెండు సూట్‌కేసులూ ఎత్తి కారులో పెట్టింది ఆయనే. గ్వెల్ఫ్‌లో ఇల్లు చేరేసరికి వాళ్ళావిడ లలిత ఆంటీ పప్పుచారు, అన్నం. ఆ ముద్ద ఇంకా గుర్తుంది.

వారం తిరక్కుండా తెలుగు సంఘం మెంబర్‌షిప్ ఫామ్ కూడా ఆయనే నింపారు. "స్టూడెంట్స్‌కి ఫ్రీ అమ్మా, సంతకం పెట్టు చాలు." పెట్టాను. పదకొండు మందిమీ పెట్టాం. సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. వరసగా నాలుగు సార్లు. ఏకగ్రీవం.

సెప్టెంబర్లో మౌనికని పది రోజుల్లో ఖాళీ చేయించింది కూడా ఆయనే. నా పక్క మంచం పిల్ల. గోడకి నల్లగా బూజు పట్టిందని సిటీ ఆఫీసుకి ఫోన్ చేసింది, అంతే. "ఇంటి విషయం బయటవాళ్ళకి చెప్పుకుంటామా అమ్మా?" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. మౌనిక ఇప్పుడు ఒషావాలో ఎవరింట్లోనో హాల్లో పడుకుంటోంది, క్లాసుకి రెండు బస్సులు, ఒక రైలు. ఆ మంచంలోకి హారిక వచ్చింది, సంఘం ఫామ్ మీద సంతకం కూడా పెట్టింది. బూజు అలాగే ఉంది.

అక్టోబర్ 10, మంగళవారం

సప్లై చెయిన్ కోర్సు చదవడానికి వచ్చినదాన్ని. ఏదో ఒక జనరల్ సబ్జెక్టు తీసుకోవాలంటే అన్నీ నిండిపోయి మిగిలింది ఒక్కటి: ఎన్నికల చరిత్ర. మేడమ్ పెద్దావిడ, టోపీలోంచి చీటీలు తీయించింది. నాకొచ్చిన చీటీ — బ్రిటన్‌లో రహస్య ఓటు ఎలా వచ్చింది. మూడు వారాల్లో ప్రెజెంటేషన్.

నాకెందుకు ఈ గోల. ఎవడు ఎలా ఓటేస్తే నాకేం.

అక్టోబర్ 13

లైబ్రరీ. రెండు గంటలనుకుని కూర్చుంటే ఐదయింది. కాఫీ షాపులో షిఫ్ట్‌కి పరిగెత్తాల్సొచ్చింది.

నూటయాభై ఏళ్ళ కిందటి దాకా అక్కడ ఓటంటే నోటితో చెప్పడమట! ఊరి మధ్యలో చెక్కల వేదిక. గుమాస్తా పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు. ఓటరు మెట్లెక్కి, అందరూ వినేలా, ఫలానా ఆయనకి అని అరవాలి. గుమాస్తా రాసుకుంటాడు. తర్వాత ఆ పుస్తకం అచ్చేసి అమ్ముతారు. ఎవడు ఎవడికి వేశాడో పేరుపేరునా. భూస్వామి ఒకటి కొనుక్కుని ఇంట్లో తీరిగ్గా చదువుకుంటాడు. వేల్స్‌లో అలా చదివి, తనకి ఇష్టంలేనివాడికి వేసిన కౌలుదార్లని కుటుంబాలతో సహా వెళ్ళగొట్టారట.

ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మౌనిక గుర్తొచ్చింది.

అక్టోబర్ 17

రహస్య ఓటు వద్దన్నవాళ్ళ వాదన ఇవాళ చదివాను. మగాడైతే అందరి ముందూ చెప్పాలట. దాచుకుని వెయ్యడం పిరికితనమట, అది ఇంగ్లీషువాళ్ళ పద్ధతే కాదట. కౌలుదారు, భూస్వామి మధ్య ఉన్న ఆత్మీయత చెడిపోతుందట.

ఆత్మీయత! పుస్తకం విసిరికొట్టాలనిపించింది. పక్కన కూర్చున్న చైనా అమ్మాయి నావైపు చూసింది. పైకే అనేశాను కాబోలు.

అక్టోబర్ 21, శనివారం

స్కూలు జిమ్‌లో బతుకమ్మ. బాస్కెట్‌బాల్ గీతల మీద చుట్టూ తిరిగి ఆడాం. నిఖిత పాట ఎత్తుకుంటే వరంగల్ మొత్తం దిగొచ్చినట్టుంది. రూమ్మేట్ అని చెప్పుకోడానికి గర్వంగా అనిపించింది.

చివర్లో మైకు దగ్గరికి సుగుణ గారు వచ్చారు. ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. కడప ఆవిడ, ముక్కుసూటి మనిషి. "వచ్చే నెల ప్రెసిడెంటుకి నేను నిలబడతా ఉండా. మన పిల్లోళ్ళు ఉండే బేస్‌మెంట్లు సంఘం పోయి చూసి రావల్ల, బాగుండేటివి లిస్టు పెట్టల్ల. అంతే నాది." గబగబా చెప్పి దిగిపోయారు.

అంకుల్ మైకు తీసుకుని నవ్వారు. "మనవాళ్ళలో ఎలక్షన్లేంటండీ, అసయ్యంగా! కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను! అలవాటు కొద్దీ. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబర్ 24

బస్ స్టాపులో సుగుణ గారు కారాపి ఎక్కించుకున్నారు. అడిగేశాను. ఆయన మమ్మల్ని ఎప్పుడంటే అప్పుడు వెళ్ళమనొచ్చా అని.

"వంటిల్లు ఓనర్‌తో కలిపి వాడుకుంటా ఉండారా?"

అవునన్నాను. పైన ఆంటీ వంటింట్లోనే కదా మేమూ వండుకునేది.

"అట్లయితే అద్దె చట్టం మీకు పనికిరాదు పాపా. పొమ్మంటే పోవల్సిందే."

ఇదా సంగతి. కింద సింకు పెట్టిస్తానని మూడేళ్ళ నుంచీ అంటున్నారట. ఎందుకు పెట్టిస్తారు? మాకు వేరే వంటిల్లుంటే ఆ చట్టం మాకూ వర్తిస్తుంది కదా.

అక్టోబర్ 26

వంటింట్లో మేం ముగ్గురం కూరలు తరుగుతుంటే అంకుల్ వచ్చారు. నవంబర్ ఇరవై ఐదున మీటింగ్. వ్యాన్ పెడతారట, లంచ్ కూడా ఉందట. "ఏముందమ్మా, నా పేరు చదివినప్పుడు చేతులెత్తడమే కదా. ఐదు నిమిషాల పని."

"సరే అంకుల్," అంది నిఖిత. "ష్యూర్ అంకుల్," అంది హారిక.

నేను ఉల్లిపాయ తరుగుతున్నాను. ఆయన నా సరే కోసం నిలబడ్డారు. నిలబడే ఉన్నారు.

అన్నాను. ఏం చెయ్యను.

అక్టోబర్ 31, మంగళవారం

ప్రెజెంటేషన్ అయింది. బాగానే చెప్పాను. రహస్య ఓటు మొదటిసారి పెట్టిన ఊళ్ళో ఓటు పెట్టెకి వేసిన లక్క ముద్ర అతిమధురం మిఠాయి ఫ్యాక్టరీదని చెబితే అందరూ నవ్వారు. మేడమ్ సంచిలోంచి ఆ నల్ల మిఠాయి తీసి అందరికీ పంచింది. దగ్గొస్తే నాయనమ్మ నమలమని ఇచ్చే పుల్ల రుచి, అంతకన్నా ఘోరం. ఉమ్మలేక మింగాను.

చివర్లో మేడమ్ ఒక ప్రశ్న వేసింది. ఈ క్లాసులో ఎవరికైనా, ఓటు ఎవరికి వెయ్యబోతున్నారో వేరేవాళ్ళకి చెప్పి తీరాల్సిన పరిస్థితి వచ్చిందా?

ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నవంబర్ 2

సంఘం నియమావళి వెబ్‌సైట్‌లోనే ఉంది. ఎవరూ చదివి ఉండరు. పద్నాలుగో నిబంధన: పోటీలో లేని సభ్యుడు ఒక్కరు, వారం ముందు, రాతపూర్వకంగా కోరితే చీటీలతో ఓటింగ్ పెట్టాలి. కోరినవారి పేరు సభ్యులందరికీ తెలియజేయాలి.

అంటే రహస్యంగా ఓటెయ్యాలంటే ముందు ఒకడు బహిరంగంగా తల పెట్టాలన్నమాట. ఎవడు రాశాడో గానీ ఘటికుడు.

నవంబర్ 4

నిఖితకి చూపించాను.

"ఏందే స్రవంతి, నీకెందుకే ఇది? ఏప్రిల్ దాంక ఊకో. ఏప్రిల్ల కోర్సు అయిపోతది, నీ తొవ్వ నీది."

హారిక అయితే చెవులు మూసుకుంది. "నాకేం చెప్పకే బాబూ. నాకు తెలీదు, నేను వినలేదు."

మౌనిక వెళ్ళేటప్పుడు సూట్‌కేసు పైకి మోయడానికి కూడా లేవలేదు నిఖితా, నేనూ. అదే గుర్తొస్తోంది. లేవలేదు. నేను కూడా లేవలేదు.

నవంబర్ 6

పంపేశాను. సంఘానికి మెయిల్, చీటీలతో ఓటింగ్ పెట్టమని. రెండే వాక్యాలు. పేరు, మెంబర్‌షిప్ నంబరు.

ఫోను ఆపేసి దిండు కింద పెట్టాను.

నవంబర్ 8

అంకుల్ తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

మెట్ల మీద కూర్చున్నారు, నేను క్లాసు నుంచి వచ్చేసరికి. చలిలో. "నన్నడగొచ్చు కదమ్మా? మెయిల్ ఎందుకు, ఒకే ఇంట్లో ఉంటూ? మా ఆవిడ పొద్దుట్నుంచీ అన్నం తినలేదు. మన మధ్య దాచుకోవాల్సింది ఏముంది చెప్పు? మిమ్మల్ని నా పిల్లల్లా చూస్కుంటుంటే..."

నూటయాభై ఏళ్ళ కిందటి భూస్వామి లేచొచ్చి గుంటూరు యాసలో మాట్లాడుతున్నట్టుంది. అన్నీ అవే మాటలు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "రూల్లో ఉందంకుల్," అన్నాను.

"ఉంటే పెడదాంలేమ్మా. దాందేముంది." లేచి దులుపుకుని వెళ్ళిపోయారు.

నవంబర్ 12

దీపావళి. పైన అందరూ. నన్ను ఎవరూ రావద్దనలేదు. రమ్మనీ అనలేదు.

నవంబర్ 15

సభ్యులందరికీ మెయిల్ వెళ్ళింది, నా పేరుతో. కాఫీ షాపులో నేను కౌంటర్ వెనకుంటే ఒకావిడ, ఎప్పుడూ చూడలేదు, తెలుగులో అడిగింది: "ఆ స్రవంతివి నువ్వేనా? ఇంత చిన్నపిల్లవా?" మెచ్చుకుందో తిట్టిందో తెలీదు. మిగిలిన చిల్లర కూడా లెక్కపెట్టుకోకుండా వెళ్ళింది.

నవంబర్ 24, శుక్రవారం

రేపే. గోళ్ళన్నీ కొరికేశాను.

రేపు సుగుణ గారు గెలవడం ఒకటే కాదు నాకు కావాల్సింది. నేను ఎవరికి వేశానో ఈ ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఏప్రిల్ దాకా ఈ గది ఉండాలి. రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి, ఊళ్ళో ఎక్కడా గది దొరకడం లేదు, మౌనికలాగా రెండు బస్సులు ఎక్కలేను. అందుకే కదా చీటీ అడిగింది. చీటీ ఉంటే అడిగింది నేనే అయినా, వేసింది ఎవరికో ఆయన ప్రమాణం చేసి చెప్పలేరు. ఊహించుకోవచ్చు, అంతే. ఆ మాత్రం సందేహం చాలు నాకు.

నవంబర్ 25, శనివారం

రాయాలి. సాయంత్రం నాలుగు. ఇంటికి వెళ్ళబుద్ధి కాక లైబ్రరీలో కూర్చున్నాను.

కమ్యూనిటీ సెంటర్ హాలు. అన్నీ సవ్యంగానే పెట్టారు. చీటీలు నేను చూశాను. నంబర్లు లేవు, రెండు పేర్లు, రెండు గళ్ళు. అరటిపళ్ళ అట్టపెట్టెకి చిల్లు పెట్టారు. సుగుణ గారు కట్టు కట్టే తెల్ల టేప్ చుట్టూ అతికించి దానిమీద సంతకం చేశారు, అంకుల్ కూడా చేశారు. కుర్చీలు దాచే మూల తెర కట్టారు. వెనక బల్ల. రాయడానికి పెన్నులు తేవడం మర్చిపోయారట, చిన్నపిల్లల బొమ్మల పోటీ డబ్బాలోంచి తలకి రబ్బరున్న పెన్సిళ్ళు తీసిచ్చారు. ఎన్నికల అధికారి శర్మ గారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు.

తెర వెనక్కి వెళ్ళాను. ఎవరూ లేరు. జన్మలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. సుగుణ గారి పేరు పక్కన గట్టిగా గీశాను. మడిచి పెట్టెలో వేశాను. తేలిగ్గా అనిపించింది. ఇంతే కదా, దీనికోసం ఆ బ్రిటన్‌వాళ్ళు అన్నేళ్ళు కొట్టుకున్నది ఇంతే కదా అనుకున్నాను.

కుర్చీలో కూర్చోగానే జేబులో ఫోను కదిలింది.

ఇంటి గ్రూపు. నిఖిత. చీటీ ఫోటో! మూర్తి అంకుల్ పేరు పక్కన టిక్కు. కింద — "డన్ అంకుల్." దండం బొమ్మ.

నాకు అర్థం కాలేదు ముందు. తర్వాత హారిక ఫోటో. తర్వాత ఆ ఇంట్లో అబ్బాయిలు, ఒకడి తర్వాత ఒకడు. "వేశాం అంకుల్." "డన్ అంకుల్." చీటీ, చీటీ, చీటీ. పొయ్యి తుడిచి పెట్టినట్టు. చెత్త డబ్బా పెట్టినట్టు. తెర వెనక ఎవరూ లేని చోట, ఎవరూ అడక్కుండానే! నాలుగో వరసలో కూర్చున్న అంకుల్ ఫోను తీశారు. బొటనవేలు. బొటనవేలు. బొటనవేలు.

అరగంటలో పది ఫోటోలు.

పదకొండోది లేదు. ఆయన తల తిప్పి నన్ను చూశారు. చూసి ఫోను జేబులో పెట్టుకున్నారు. ఇంక సందేహం ఎక్కడుంది? నోటితో అరిచినా ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

బయట నిఖితని పట్టుకున్నాను. మంచులో, కార్ల మధ్య. "ఎవరడిగారే నిన్ను? ఆయన అడిగాడా?"

"అడగలే."

"మరి?"

"అన్నిటికి పెడ్తం గదనే. చెయ్యి దానంతట అదే..."

పిరికిదానా అన్నాను. బానిసవి అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను. అది ఏడవలేదు. జాకెట్ జిప్పు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. హారిక నా మొహం చూసి పక్కనుంచే తప్పుకుంది.

లెక్క చూడకుండానే బస్సెక్కేశాను. ఏముంది చూడ్డానికి.

అదే రోజు, ఐదున్నర

సుగుణ గారు ఫోన్. గెలిచారు.

నాలుగు ఓట్లతో. నేను నమ్మలేదు. రెండుసార్లు లెక్కపెట్టారట. మూడు చీటీల మీద గొడవ జరిగిందట. అంకుల్ పేరు పక్కన ముందు పెన్సిల్‌తో టిక్కు, దాన్ని రబ్బరుతో చెరిపిన మరక, తర్వాత సుగుణ గారి పేరు పక్కన టిక్కు. అంకుల్ తరఫువాళ్ళు చీటీలు లైటుకి ఎదురుగా పట్టి చూశారట. చెల్లవన్నారట. శర్మ గారు ఒప్పుకోలేదు. "లెక్క తప్పు చేసి దిద్దుకుంటే చివరి జవాబుకే మార్కులు," అన్నారట.

చెరిపిన మరక! ముందు టిక్కు పెట్టి, ఫోటో తీసి, చెరిపి...

ముగ్గురు. ఆ పది మందిలో ముగ్గురు.

ఎవరు?

నవంబర్ 26

నిఖిత పొద్దున్నే లేచి తల దువ్వుకుంటోంది. అద్దంలో దాని మొహం చూస్తూ కూర్చున్నాను. నువ్వేనా? అడగాలని నాలుక పీకుతోంది. కాకపోతే నిన్నటి తిట్లన్నీ సబబే. అయితే కాళ్ళు పట్టుకోవాలి. ఏదో ఒకటి తేలితే గాని నాకు ఊపిరాడేలా లేదు.

కానీ ఎలా అడగను? చీటీ పెట్టండని మెయిల్ రాసింది నేను. ఎవరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియకూడదని గొంతు చించుకున్నది నేను. ఇప్పుడు రూమ్మేట్ ఓటు నాకే కావాలా!

"నిన్న ఎక్కువ మాట్లాడాను," అన్నాను.

"ఊఁ," అంది. దువ్వెనలో వెంట్రుకలు తీస్తూ.

అంతే. నా మీద కోపమో, లేక నవ్వుకుంటోందో... నాకే ఒళ్ళు మండింది మళ్ళీ.

నవంబర్ 28

లలిత ఆంటీ కిందకి వచ్చింది. ఆంటీ కిందకి రావడం ఇదే మొదటిసారి. "డిసెంబర్ పదిహేనుకల్లా వేరే చూసుకో అమ్మా. మా చెల్లెలి కూతురు వస్తోంది." గోడ మీది బూజు వైపు చూసి మొహం తిప్పుకుంది.

చెల్లెలు లేదు ఆంటీకి. నలుగురూ అన్నదమ్ములే. బతుకమ్మ నాడు ఆమే చెప్పింది, మైకులో.

పదకొండో తారీఖు పరీక్ష. పదమూడున ఇంకోటి. పదిహేనుకి రోడ్డు మీద. భలే.

నవంబర్ 30

ఎనిమిది గదులకి ఫోన్ చేశాను. రెండు ఎక్కడో దూరంగా మిస్సిసాగాలో. ఒకటి గది కాదు, గరాజ్. ఒకాయన నా పేరు విని, "ఓ, ఆ అమ్మాయా," అని తర్వాత చేస్తానన్నాడు. చెయ్యడు.

సుగుణ గారు వాళ్ళింటికి రమ్మంటున్నారు. సోఫా ఉందట. వెళ్తే ఏమంటారు? ముందే మాట్లాడుకున్నారు, ఓటుకి సోఫా ఇచ్చింది అంటారు. గెలిచిన మనిషిని వారంలోపే తలవంపులు చెయ్యాలా? వద్దన్నాను. "పిచ్చిదానా," అని పెట్టేశారు ఫోను.

ఇంటి గ్రూపులో మాత్రం ఫోటోలు ఆగాయి. అందరివీ. చెత్త డబ్బా బయట పెట్టే రోజు కూడా ఒక్కటి రాలేదు. అంకుల్ అడగనూ లేదు. ఆయనకిప్పుడు ఫోటో చూస్తే ఏం నమ్మాలో తెలియడం లేదు కాబోలు. కాస్త హాయిగానే అనిపించింది, దాచుకోను.

డిసెంబర్ 2, శనివారం

పొద్దున వంటింట్లో అంకుల్ ఒక్కరే ఉన్నారు. టీ పెట్టి నాకూ ఒక కప్పు పోశారు.

"కూర్చో అమ్మా."

కూర్చున్నాను. వారంలో ముసలాయన అయిపోయారు. గడ్డం గీసుకోలేదు.

"నీ ఓటు గురించి నాకేం లేదు. నువ్వు దాచలేదు. అదో పద్ధతి. ఆ మిగతా ముగ్గురు ఎవరమ్మా?"

"నాకు తెలీదంకుల్."

"ఇదంతా పెట్టించింది నువ్వు. నీకు తెలీకుండా ఎలా ఉంటుంది?" కప్పు పక్కకి జరిపి ముందుకి వంగారు. "నేను ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిన పిల్లలు. జ్వరమొస్తే హాస్పిటల్లో నాలుగు గంటలు కూర్చున్నాను ఒక్కొక్కడితో. నా మొహానే దండం పెట్టి, వెనక చెరిపారంటే... పేర్లు చెప్పు చాలు. ఎవర్నీ ఏమీ అనను. నువ్వు ఏప్రిల్ దాకా ఉండు. ఆంటీకి నేను చెప్తాను. పరీక్షలు ప్రశాంతంగా రాసుకో."

ఆయన కళ్ళల్లో నీళ్ళు. నిజం నీళ్ళే. జాలేసింది. ఆ జాలి వేసినందుకు పళ్ళు నూరుకున్నాను. ఒకమ్మాయిని పది రోజుల్లో బయటికి పంపినప్పుడు ఈ నీళ్ళు ఎక్కడికి పోయాయి?

అప్పుడే నిఖిత పైకొచ్చింది. మమ్మల్ని చూసింది. మాట్లాడకుండా సింకు దగ్గరికి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. మాకు వీపు పెట్టి.

"తెలీదంకుల్," అన్నాను మళ్ళీ. కొంచెం గట్టిగా.

నీళ్ళ చప్పుడు ఆగింది.

"సోమవారం దాకా ఆలోచించుకో," అన్నారు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

బస్సులో రాస్తున్నాను, షిఫ్ట్‌కి వెళ్తూ. ఆయన మొహం మీద అనగలిగాను, తెలీదని. ఎందుకంటే నిజంగానే తెలీదు. ధైర్యమేం కాదు, ఊరికే నిజం. కానీ బస్సు ఎక్కినప్పటి నుంచీ ఒకటే ప్రశ్న. తెలిసుంటే? బయట గడ్డకట్టే చలి, తొమ్మిది రోజుల్లో పరీక్ష, తల పెట్టుకోడానికి చోటు లేదు. ఆ మూడు పేర్లూ నా నోట్లో ఉండుంటే, ఆ టీ తాగుతూ, చెప్పేదాన్నా?

చెప్పేదాన్ని కాదు అని రాయబోయాను. రాయలేకపోయాను. ఎవరి మీద కోపమో తెలియడం లేదిప్పుడు. ఆయన మీదా, నా మీదా.

ఫోను. నిఖిత.

"స్రవంతి. నీకొకటి చెప్పాల్నే. ఆ చీటీ గురించి."

వారం నుంచి ఈ ఒక్క మాట కోసమే కదా చచ్చిపోతున్నాను! ఇప్పుడు చెబితే సోమవారం నాకు తెలిసి ఉంటుంది. తెలిసి, ఆయన ఎదురుగా కూర్చుని, తెలీదనాలి.

టైప్ చేశాను — "చెప్పకే. నీకు దండం పెడతా. చెప్పకు."

పంపాను. చూసింది. అవతల ఇంకా టైప్ చేస్తూనే ఉంది...